ఆసుపత్రి మారినా అర్థం మారని రికార్డు: ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులకు ఉమ్మడి ప్రమాణాల ఆవశ్యకత

(ప్రత్యేక వ్యాసం)

దేశంలో 2025 ఫిబ్రవరి నాటికి దాదాపు 74 కోట్ల ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా సంఖ్యలు జారీ అయినట్లు కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ గణాంకాలు తెలుపుతున్నాయి. 'ఆభా'గా వ్యవహరించే ఈ 14 అంకెల సంఖ్యలకు అదే సమయానికి అనుసంధానమైన ఆరోగ్య రికార్డులు దాదాపు 49 కోట్లు. జాతీయ రిజిస్ట్రీలలో నమోదైన ఆరోగ్య సంస్థలు 3.6 లక్షలకు పైగా, వైద్య నిపుణులు 5.6 లక్షలకు పైగా ఉన్నారు. అయిదేళ్ల క్రితం వరకు ఊహామాత్రంగా ఉన్న వ్యవస్థకు ఈ అంకెలు ఘనమైన పునాదియే. అయితే ఒక ఆసుపత్రిలో నమోదైన రికార్డును మరొక ఆసుపత్రిలోని వైద్యుడు తెరచి, చదివి, దాని ఆధారంగా చికిత్స నిర్ణయించగలుగుతున్నాడా అన్న ప్రశ్నకు ఈ అంకెలలో సమాధానం లేదు. ఆ సమాధానం ప్రమాణాలలో ఉంది.

కంప్యూటరీకరణ వేరు, పరస్పర అనుసంధానం వేరు. ప్రతి ఆసుపత్రి తన సొంత సాఫ్ట్‌వేర్‌తో రికార్డులను కంప్యూటరీకరించుకున్నంత మాత్రాన రోగి చేతిలోని ప్లాస్టిక్ కవరు, అందులోని ఓపీ చీటీలు, ఎక్స్‌రే ఫిల్ములు, ల్యాబ్ రిపోర్టులు మాయం కావు. ఒక వ్యవస్థలోని సమాచారం మరొక వ్యవస్థకు చేరి, అక్కడ కూడా అదే అర్థంతో వినియోగపడినప్పుడే ఆ కవరు అవసరం తీరుతుంది. సాంకేతిక నిపుణులు ఇంటర్‌ఆపరబిలిటీ అని పిలిచే ఈ గుణమే నేటి ఆరోగ్య సమాచార వ్యవస్థకు గీటురాయి.

అక్షరాల అనుభవమే అంకెలకూ

ఈ సమస్య స్వరూపం ఏమిటో తెలుగు పాత్రికేయులకు, ప్రభుత్వ కార్యాలయాల సిబ్బందికి వేరుగా వివరించనవసరం లేదు. ఒకప్పుడు ఒక కార్యాలయంలో ఒక ఫాంటులో టైపు చేసిన పత్రికా ప్రకటన, వేరొక ఫాంటు వాడే పత్రికా కార్యాలయంలో తెరచినపుడు అర్థం లేని గీతలుగా, గుర్తులుగా కనిపించేది. ఫైలు చేరేది గాని విషయం చేరేది కాదు. చివరకు కాగితంపై ముద్రించి ఫ్యాక్స్ చేయడం, అక్కడ మళ్లీ మొదటి నుంచి టైపు చేసుకోవడం పరిపాటి అయింది. తిరిగి టైపు చేసిన ప్రతిసారీ ఒక పేరో, ఒక అంకో తప్పు పడే అవకాశం ఉండేది.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగు లిపికి స్థానం లభించినప్పటికీ, కార్యాలయాలు, పత్రికలు, సాఫ్ట్‌వేర్ సంస్థలు దానిని ఆచరణలోకి తెచ్చుకోవడానికి దశాబ్దానికి పైగా పట్టింది. ప్రమాణం ఉండటం ఒక ఎత్తు, అందరూ దానిని పాటించడం మరొక ఎత్తు అన్న పాఠం అక్కడ లభించింది. ఆరోగ్య రికార్డుల రంగం నేడు సరిగ్గా ఆ దశలోనే ఉంది. తేడా ఒక్కటే. పత్రికా ప్రకటనలో తప్పు పడితే మరునాడు సవరణ వేయవచ్చు. మందు పడని రోగికి అదే మందు ఇచ్చిన తరువాత సవరణకు అవకాశం ఉండకపోవచ్చు.

అనుసంధానంలో నాలుగు మెట్లు

పరస్పర అనుసంధానాన్ని నిపుణులు నాలుగు స్థాయిలుగా విభజిస్తారు. మొదటిది, ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు సమాచారం సురక్షితంగా చేరడం. రెండవది, చేరిన సమాచారంలో రోగి పేరు ఏది, పరీక్ష పేరు ఏది, ఫలితం ఏది అన్నది అందుకున్న యంత్రం గుర్తించగలగడం. మూడవది, ఆ పదాలకు, అంకెలకు ఇరువైపులా ఒకే అర్థం ఉండడం. నాలుగవది, ఈ మార్పిడికి అవసరమైన చట్టం, సమ్మతి, బాధ్యత, పాలనా నియమాలు ఉండడం.

ఆసుపత్రి రిపోర్టును ఫోనుతో ఫోటో తీసి పంపితే మొదటి మెట్టు మాత్రమే ఎక్కినట్లు. వైద్యుడు దానిని కంటితో చదువుకోగలడు గాని, కంప్యూటరు దానిని చదవలేదు. గత మూడేళ్లలో రక్తంలో చక్కెర ఎలా పెరుగుతూ వచ్చిందో గీత గీసి చూపలేదు. పెన్సిలిన్ పడదని పాత చీటీలో రాసి ఉన్నా కొత్త మందుల చీటీ రాసే వేళ హెచ్చరించలేదు. జాతీయ వ్యవస్థలో అనుసంధానమయ్యే రికార్డులో నిర్మాణాత్మక సమాచారం ఉండవచ్చు, లేదా కేవలం పీడీఎఫ్ ప్రతి జతపరచి ఉండవచ్చు. రెండూ ఒక్కొక్క రికార్డుగానే లెక్కకు వస్తాయి. అందుచేత రికార్డుల సంఖ్యను మాత్రమే చూసి ఎన్నవ మెట్టుపై ఉన్నామో చెప్పడం సాధ్యం కాదు.

ఒకే పరీక్ష, రెండు అంకెలు

మూడవ మెట్టు ఎంత కీలకమో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని పరిశీలించవచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎన్నో ఏళ్లుగా ప్రజలను పీడిస్తున్న విషయం విదితమే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఈ వ్యాధిలో రోగి స్థితిని తెలిపే ప్రధాన సూచిక రక్తంలోని సీరం క్రియాటినిన్. ఒక్కసారి చేసిన పరీక్ష కంటే, నెలలు, సంవత్సరాల తరబడి ఆ అంకె ఎలా మారుతున్నదన్నదే వైద్యునికి ముఖ్యం.

ఇటువంటి రోగి మొదట సొంత మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించుకొని, తరువాత పలాసకు, ఆపై విశాఖపట్నానికి వెళ్లవచ్చు. ఇచ్ఛాపురం వాసులకు విశాఖపట్నం కంటే ఒడిశాలోని బరంపురమే దగ్గర. ఒక ప్రయోగశాల క్రియాటినిన్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాములలో 1.8 అని ఇస్తే, లీటరుకు మైక్రోమోల్స్‌లో అదే ఫలితం సుమారు 159 అవుతుంది. కొలమానం రాయకుండా అంకె ఒక్కటే ప్రయాణిస్తే ఆ రెండూ ఒకటేనని తెలుసుకునే మార్గం లేదు. కొలమానం ఒకటే అయినప్పటికీ, జాఫే పద్ధతిలో చేసిన పరీక్షకు, ఎంజైమ్ పద్ధతిలో చేసిన పరీక్షకు ఫలితాలలో కొంత తేడా రావచ్చు. వ్యాధి తొలి దశలో ఆ కొద్దిపాటి తేడాయే మూత్రపిండం పనితీరు క్షీణించిందా, లేక ప్రయోగశాల మారిందా అన్న సందిగ్ధానికి దారి తీస్తుంది.

కనుక ఒక ఫలితంతో పాటు పరీక్ష పేరు, నమూనా రకం, కొలమానం, పద్ధతి, సాధారణ పరిమితులు, తేదీ, ప్రయోగశాల వివరం కలిసి ప్రయాణించవలసి ఉంది. విదేశాలలోని పిల్లల వద్దకు వెళ్లివచ్చే తెలుగు తల్లిదండ్రులకూ ఇదే సమస్య ఎదురవుతుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా దేశాలలో రక్తంలోని గ్లూకోజును లీటరుకు మిల్లీమోల్స్‌లో చెబుతారు. పరగడుపున అక్కడ 7 అని వచ్చిన రిపోర్టు మన లెక్కలో 126. మధుమేహాన్ని నిర్ధారించే హద్దు అదే. కొలమానం తెలియని యంత్రానికి ఆ 7 ప్రాణాపాయకరమైన తక్కువ చక్కెరగా కనిపిస్తుంది.

ప్రమాణాలు, వాటి పని

ఈ గందరగోళాన్ని నివారించేందుకు రూపొందిన ప్రమాణాలు అనేకం. ఒక్కొక్క దాని పని ఒక్కొక్కటి కనుక వాటిని విడివిడిగా గుర్తించడం అవసరం.

వ్యాధుల గణాంకాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ, అనగా ఐసీడీ, ఆధారం. అందులో పదవ కూర్పు ప్రకారం దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి సంకేతం ఎన్ 18, రెండవ రకం మధుమేహం సంకేతం ఈ 11. 2019లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన పదకొండవ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆయుర్వేద, సిద్ధ, యునాని వైద్య విధానాల పరిభాషకు సంబంధించిన విభాగాన్ని 2024 జనవరిలో న్యూఢిల్లీలో ఆవిష్కరించారు.

వైద్యుడు రోగి పరిస్థితిని వర్ణించే సూక్ష్మ పరిభాషకు స్నోమెడ్ సీటీ ప్రమాణం ఉంది. మూడున్నర లక్షలకు పైగా భావనలు గల ఈ పదకోశంలో భారతదేశం 2014 నుంచి సభ్యదేశం. అందువల్ల దేశంలోని ఆసుపత్రులు, సాఫ్ట్‌వేర్ సంస్థలు దీనిని రుసుము లేకుండా వాడుకోవచ్చు. ఒక వైద్యుడు 'షుగర్' అని, మరొకరు 'డీఎం' అని, వేరొకరు 'టైప్ టూ' అని రాసినా యంత్రానికి అవన్నీ ఒకే సంకేతంగా అందాలన్నది దీని ఉద్దేశం.

ప్రయోగశాల పరీక్షలకు 1994లో అమెరికాలోని రీజెన్‌స్ట్రీఫ్ సంస్థ ప్రారంభించిన లాయింక్ సంకేతాలు ఉన్నాయి. పైన చెప్పిన క్రియాటినిన్ పరీక్షను ద్రవ్యరాశిలో కొలిస్తే 2160-0, మోల్స్‌లో కొలిస్తే 14682-9 అన్న వేర్వేరు సంకేతాలు ఇందులో ఉండటం గమనార్హం. ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ వంటి చిత్రాలకు 1993 నుంచి డైకామ్ ప్రమాణం ఉంది. వేర్వేరు కంపెనీల స్కానింగ్ యంత్రాల చిత్రాలను నేడు ఒకే తెరపై చూడగలుగుతున్నామంటే అందుకు కారణం ఈ ప్రమాణమే.

ఈ సంకేతాలన్నింటినీ ఒక పొందికైన లేఖలా మడిచి పంపే పద్ధతికి ఫైర్ అని పేరు. 1987లో ఏర్పడిన హెచ్‌ఎల్ సెవెన్ సంస్థ ఆధ్వర్యంలో, ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహమ్ గ్రీవ్ 2011లో చేసిన ప్రతిపాదనతో ఇది రూపుదిద్దుకుంది. ఇంటర్నెట్ సేవలన్నీ వాడే సామాన్య సాంకేతిక పద్ధతులనే వాడుకోవడం దీని విశేషం. భారత జాతీయ వ్యవస్థ ఈ ప్రమాణపు నాలుగవ విడుదలను ఆధారం చేసుకొంది.

జాతీయ స్థాయిలో జరిగిన కృషి

ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ తొలిసారిగా 2013లో ప్రకటించి, 2016 డిసెంబరులో సవరించింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం డిజిటల్ ఆరోగ్య వ్యవస్థను లక్ష్యంగా పేర్కొంది. 2018లో నీతి ఆయోగ్ నేషనల్ హెల్త్ స్టాక్ ప్రతిపాదనను ముందుంచింది. దానిపై 2019లో జాతీయ డిజిటల్ ఆరోగ్య బ్లూప్రింటును రూపొందించిన సంఘానికి, ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌కు చెందిన విశ్రాంత ఐఏఎస్ అధికారి శ్రీ జె. సత్యనారాయణ అధ్యక్షత వహించారు.

2020 ఆగస్టు 15న ప్రారంభమైన జాతీయ డిజిటల్ ఆరోగ్య మిషన్‌ను తొలుత ఆరు కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా అమలు చేశారు. వాటిలో పుదుచ్చేరి ఒకటి కావడంతో, ఆ ప్రాంతంలో అంతర్భాగమైన యానాం తెలుగువారు తొలి దశలోనే ఈ వ్యవస్థ పరిధిలోకి వచ్చారు. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో ఇది దేశమంతటికీ విస్తరించింది. అయిదేళ్ల కాలానికి 1,600 కోట్ల రూపాయల వ్యయంతో కేంద్ర మంత్రివర్గం 2022 ఫిబ్రవరిలో దీనిని ఆమోదించింది.

ఈ వ్యవస్థలో రోగుల రికార్డులన్నీ ఢిల్లీలోని ఒకే భాండాగారంలో పోగుపడవు. ఏ ఆసుపత్రిలో తయారైన రికార్డు ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది. రోగి సమ్మతి తెలిపినపుడు మాత్రమే, కోరిన రికార్డు, కోరిన కాలపరిమితికి, కోరిన వైద్యునికి చేరుతుంది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశాలు. రికార్డు రాష్ట్రంలోనే ఉండి, ప్రమాణం మాత్రం దేశమంతటికీ ఒకటిగా ఉండే ఈ పద్ధతి ఆ అధికార విభజనకు కూడా అనుగుణమైనది. అయితే రికార్డులు చెదిరి ఉండే చోట ప్రమాణాల భారం మరింత పెరుగుతుంది. అన్నీ ఒకేచోట ఉన్నపుడు ఒకరు సరిదిద్దగలరు. వేల చోట్ల ఉన్నపుడు వేల మంది మొదటే సరిగా రాయవలసి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల అనుభవం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం, పేద రోగుల చికిత్సకు అనుమతి మొదలుకొని ఆసుపత్రికి చెల్లింపు వరకు ఆన్‌లైన్‌లో నడిచిన తొలి భారీ ప్రయోగాలలో ఒకటి. లక్షలాది శస్త్రచికిత్సల వివరాలు కంప్యూటరులో నమోదయ్యాయి. అయితే ఆ నమోదు ప్రధానంగా చెల్లింపు నిమిత్తం జరిగింది. అందులోని ప్యాకేజీ సంకేతం ఏ చికిత్సకు ఎంత సొమ్ము ఇవ్వాలో తెలుపుతుంది. రోగికి ఏ మందు పడదో, ఏ పరీక్షలో ఏమి వచ్చిందో తదుపరి వైద్యునికి అర్థమయ్యే రీతిలో తెలుపదు. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనకు తనదైన ప్యాకేజీ సంకేతాలు ఉన్నాయి. బిల్లు భాష, వైద్య భాష ఒకటి కావన్న విషయాన్ని ఈ రెండు పథకాల అనుభవం స్పష్టం చేస్తోంది.

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఈ అంశానికి మరో కోణం చేకూరింది. హైదరాబాదులో గుండె శస్త్రచికిత్స చేయించుకొని గుంటూరులో నివసిస్తున్న వ్యక్తికి, ఆదిలాబాదు నుంచి నాగపూర్ వెళ్లే రోగికి, కర్నూలు ఆసుపత్రికి వచ్చే పొరుగు జిల్లాల వారికి రాష్ట్ర సరిహద్దు చికిత్సకు సరిహద్దు కాదు. తెలంగాణలో 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో ఇంటింటి డిజిటల్ ఆరోగ్య వివరాల సేకరణ ప్రయోగాత్మకంగా జరిగింది. ఇలా రాష్ట్రాలు, పథకాలు వేర్వేరుగా సేకరించే సమాచారం ఒకే ప్రమాణంలో ఉన్నపుడే అది రోగి వెంట నడుస్తుంది. లేనిపక్షంలో ప్రతి సర్వేలో అవే ప్రశ్నలు మళ్లీ అడుగవలసి వస్తుంది. ఆ భారం ఆశా కార్యకర్తలపై, ఏఎన్‌ఎంలపై పడుతుంది.

ఒకరి రికార్డు మరొకరికి చేరరాదు

ప్రమాణాల చర్చలో తరచు మరుగున పడే అంశం రోగి గుర్తింపు. తెలుగునాట ఇంటిపేరు కొందరు ముందు రాస్తే, కొందరు పొడి అక్షరంతో సరిపెడతారు. లక్ష్మి అన్న పేరును ఆంగ్ల అక్షరాలలో 'కేఎస్‌హెచ్' వాడి ఒకరు, 'ఎక్స్' వాడి మరొకరు రాస్తారు. వెంకటలక్ష్మి ఒకచోట ఒకే పదంగా, మరొకచోట రెండు పదాలుగా నమోదవుతుంది. పుట్టిన తేదీ తెలియని పెద్దలకు డాటా ఎంట్రీ సమయంలో జనవరి 1 అని వేయడం వాడుక. ఒకే ఫోను నంబరును కుటుంబంలోని నలుగురూ వాడటం సర్వసాధారణం. ఇటువంటి పరిస్థితులలో ఒకే మనిషికి రెండు రికార్డులు ఏర్పడవచ్చు. అంతకంటే ప్రమాదకరంగా, ఇద్దరి రికార్డులు ఒకటిగా కలిసిపోవచ్చు. రికార్డు లేకపోతే వైద్యుడు రోగిని అడిగి తెలుసుకుంటాడు. తప్పుడు రికార్డు ఉంటే దానినే నమ్ముతాడు. కాబట్టి పేరు, వయసు నమోదు చేసే కౌంటరులోని ఉద్యోగి పని గుమాస్తా పనిగా కాక రోగి భద్రతలో తొలి అంకంగా గుర్తింపు పొందవలసి ఉంది.

ఇతర దేశాల పాఠాలు

అమెరికాలో 2009 నాటి హైటెక్ చట్టం కింద ప్రభుత్వం 3,000 కోట్ల డాలర్లకు పైగా ప్రోత్సాహకాలు ఇచ్చి ఆసుపత్రులలో ఎలక్ట్రానిక్ రికార్డులను ప్రవేశపెట్టింది. కొద్ది సంవత్సరాలలోనే అత్యధిక ఆసుపత్రులు కంప్యూటరీకరణ పూర్తి చేశాయి. అయినప్పటికీ ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొక దానికి సమాచారం కదలలేదు. కొన్నిచోట్ల వ్యాపార ప్రయోజనాల కోసం సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా అడ్డుకుంటున్నట్లు వెల్లడైంది. దానిని నిషేధిస్తూ 2016 డిసెంబరులో క్యూర్స్ చట్టం తేవలసి వచ్చింది. సొమ్ము ముందు, షరతు తరువాత అన్న క్రమం ఎంత ఖరీదైనదో ఇది తెలుపుతుంది.

బ్రిటన్ 2002లో దేశమంతటికీ పైనుంచి ఒకే వ్యవస్థను అమర్చే జాతీయ కార్యక్రమాన్ని చేపట్టింది. ఆసుపత్రుల, వైద్యుల అవసరాలను తగినంతగా లెక్కలోకి తీసుకోని ఆ కార్యక్రమాన్ని సుమారు 1,000 కోట్ల పౌండ్ల భారం మోసిన అనంతరం 2011లో విరమించవలసి వచ్చింది. ఇందుకు భిన్నంగా, దాదాపు 13 లక్షల జనాభా గల ఎస్టోనియా 2001లో వివిధ శాఖల మధ్య సమాచార మార్పిడికి ఎక్స్‌రోడ్ అనే ఉమ్మడి వేదికను నిర్మించి, 2008లో జాతీయ ఆరోగ్య రికార్డును దానిపై ప్రారంభించింది. తన రికార్డును ఎవరు, ఎప్పుడు చూశారో అక్కడి పౌరుడు స్వయంగా తెలుసుకోగలడు. చిన్న దేశం కనుక సాధ్యమైందని అనుకోవచ్చు గాని, దారి ముందు వేసి వాహనం తరువాత నడపడం అన్న క్రమం ఏ దేశానికైనా వర్తిస్తుంది.

సమ్మతి, గోప్యత

రికార్డు సులభంగా ప్రయాణించే కొద్దీ అది చేరరాని చోటికి చేరే ప్రమాదం కూడా పెరుగుతుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు వెలువరించింది. హెచ్‌ఐవీ బాధితుల, మానసిక వ్యాధిగ్రస్తుల వివరాల గోప్యతకు అదే సంవత్సరం చేసిన రెండు వేర్వేరు చట్టాలు రక్షణ కల్పిస్తున్నాయి. డిజిటల్ మిషన్‌కు 2020 డిసెంబరులో ఆరోగ్య సమాచార నిర్వహణ విధానం ఏర్పడింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దశలవారీ అమలుకు వీలుగా దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై జరిగిన సైబర్ దాడి కారణంగా దేశంలోని అగ్రగామి ఆసుపత్రి అనేక రోజులు కాగితంపై పని చేయవలసి వచ్చిన సంగతి ఈ సందర్భంగా గుర్తు చేసుకోదగినది.

ఆభా సంఖ్య పొందడం స్వచ్ఛందం. అది లేదన్న కారణంగా చికిత్స నిరాకరించరాదు. సమ్మతి తెలిపే ఓటీపీ కుమారుని ఫోనుకు వెళితే ఆ సమ్మతి తల్లిదా, కుమారునిదా అన్న ప్రశ్న మిగులుతుంది. చదువు రాని రోగికి దేనికి సమ్మతిస్తున్నాడో తెలుగులో, వినపడేలా చెప్పే ఏర్పాటు ఉన్నపుడే సమ్మతి అన్న మాటకు అర్థం ఉంటుంది. రికార్డు పొందడం రోగికి కొత్తగా లభించిన హక్కు కూడా కాదు. రోగి కోరిన 72 గంటలలోగా రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి పేర్కొంది. ఆ పాత హక్కు ఆచరణలో సులభతరం కావడమే ఎలక్ట్రానిక్ రికార్డు ప్రయోజనం.

అధికారుల ముందున్న పనులు

ఈ విషయంలో జిల్లా స్థాయిలోనే నిర్ణయించగల అంశాలు కొన్ని ఉన్నాయి. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కు టెండరు పిలిచేటపుడు జాతీయ ప్రమాణాలకు అనుగుణంగా ఉండటం, కాంట్రాక్టు ముగిసినపుడు సమాచారం మొత్తాన్ని ఇతరులు చదవగల రూపంలో అప్పగించడం తప్పనిసరి షరతులుగా చేర్చవలసి ఉంది. ఈ రెండవ షరతు లేనిచోట, సంస్థ మారిన ప్రతిసారీ పాత రికార్డులు అక్కరకు రాకుండా పోతాయి. ప్రయోగశాలలలో తరచుగా చేసే కొద్ది పరీక్షలకు ముందుగా ఉమ్మడి సంకేతాలు, కొలమానాలు అమలు చేస్తే, నిత్యం జరిగే లావాదేవీలలో అధిక భాగం దారిలో పడుతుంది. మందులు పడకపోవడం, రక్తవర్గం, దీర్ఘకాలిక వ్యాధులు, ప్రస్తుతం వాడుతున్న మందులు అన్న నాలుగు అంశాలను ఫోటోలుగా కాక సంకేతబద్ధంగా నమోదు చేయడం వల్ల అత్యవసర సమయంలో ప్రాణరక్షణకు వీలు కలుగుతుంది.

వైద్యుల సమయం మరొక కీలకాంశం. ఒక్క పూటలో వందకు పైగా ఓపీ చూడవలసిన వైద్యుడు ప్రతి రోగికి పది గడులు నింపాలని కోరడం ఆచరణయోగ్యం కాదు. వైద్యుడు అలవాటుగా రాసే మాటకే తెర వెనుక సరైన సంకేతం జతపడేలా సాఫ్ట్‌వేర్ ఉండాలి గాని, సంకేతాలు కంఠస్థం చేయవలసిన పరిస్థితి రారాదు. 2022 అక్టోబరు నుంచి ప్రవేశపెట్టిన క్యూఆర్ కోడ్ ద్వారా ఓపీ నమోదు పద్ధతికి ఆదరణ లభించడానికి కారణం, అది రోగులకు వరుసలో నిలబడే సమయాన్ని, సిబ్బందికి టైపు చేసే శ్రమను తగ్గించడమే. పనిని తగ్గించే ప్రమాణాన్ని సిబ్బంది తామే కోరుకుంటారు. పనిని పెంచే ప్రమాణం ఉత్తర్వుగానే మిగిలిపోతుంది.

ఏ లెక్క అడగాలి

ప్రభుత్వ ప్రకటనలలో సాధారణంగా జారీ అయిన కార్డుల సంఖ్య, అనుసంధానమైన రికార్డుల సంఖ్య కనిపిస్తాయి. ప్రగతికి అవి తొలి సూచికలు కనుక వాటిని ప్రకటించడం సమంజసమే. అయితే అవి ఎంత నమోదైందో చెబుతాయి గాని ఎంత ఉపయోగపడిందో చెప్పవు. ఒక ఆసుపత్రిలో తయారై మరొక ఆసుపత్రిలో వైద్యుడు తెరచి చూసిన రికార్డులు ఎన్ని? వాటిలో యంత్రం చదువగల నిర్మాణాత్మక సమాచారం ఎంత శాతం? పాత ఫలితం అందుబాటులో ఉన్నందువల్ల మళ్లీ చేయనవసరం లేకపోయిన పరీక్షలు ఎన్ని? ఒకే వ్యక్తికి రెండు ఖాతాలు ఏర్పడిన సందర్భాలు ఎన్ని, వాటిని ఎంతకాలంలో సరిదిద్దారు? పాత్రికేయులు ఈ ప్రశ్నలు వేయడం, అధికారులు ఈ లెక్కలను సమీక్షా సమావేశాల అజెండాలో చేర్చడం పరస్పర పూరకాలు. ఏ అంకెను అడుగుతారో ఆ అంకె కోసమే యంత్రాంగం పని చేస్తుందన్నది పరిపాలనలో అందరికీ తెలిసిన విషయమే.

మీటరు గేజి, బ్రాడ్ గేజి పట్టాలు కలిసే జంక్షన్‌లో ఒక బండిలోని సరుకును కూలీలు దించి మరొక బండికి ఎక్కించిన రోజులు పెద్ద తరానికి గుర్తే. 1992లో చేపట్టిన యునిగేజ్ ప్రాజెక్టు ఆ శ్రమను క్రమేణా తొలగించింది. ఆరోగ్య రంగంలో నేటికీ అటువంటి జంక్షన్లు అనేకం ఉన్నాయి. అక్కడ సరుకును దించి ఎక్కించే కూలీ మరెవరో కాదు, చంకలో రిపోర్టుల కవరు పెట్టుకొని నిలబడిన రోగి బంధువే. ఉద్దానం రోగి పలాసలో చేయించుకున్న పరీక్ష విశాఖపట్నంలోనూ, బరంపురంలోనూ అదే అంకెతో, అదే కొలమానంతో, అదే అర్థంతో తెరపై కనిపించిన నాడు ఆ కవరు బరువు తీరుతుంది. అందుకు కావలసిన ప్రమాణాలు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ప్రతి కౌంటరులో, ప్రతి ప్రయోగశాలలో, ప్రతి టెండరు పత్రంలో వాటిని పాటించడమే మిగిలి ఉన్న కర్తవ్యం.